కారు కిందికి, చక్రం పైకి

మిషిగన్‌లో మార్చి వచ్చిందంటే రోడ్లన్నీ గుంతలే. చలికాలమంతా పగుళ్లలోకి దిగిన నీళ్లు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతాయి, పగలు కరుగుతాయి. ఆ ఉబ్బడం కరగడంలో తారు పెళ్లలు పెళ్లలుగా లేచిపోతుంది. అలాంటి గుంతలో నా 1970 షెవెల్ ఎడమ ముందు చక్రం పడింది. గంటకు నలభై మైళ్ల వేగంలో ఉన్నాను. ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు, స్టీరింగ్ చేతిలో ఒక్క గుంజు, కారు ముక్కు సగం దాకా పక్క లేన్‌లోకి ఎగిరిపడింది. ఆ క్షణాన పక్క లేన్‌లో ఎవరూ లేరు. ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇంటికొచ్చి జాకీ ఎత్తి, టార్చి పట్టుకుని కిందికి దూరాను. చక్రం మరీ పైకి లేస్తే ఆపే బంప్ స్టాప్ రబ్బరు నిలువునా చీలి ఉంది. చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే కింది ఆర్మ్ మీద రూపాయి బిళ్లంత మేర పెయింట్ లేచిపోయి తెల్లటి ఉక్కు మెరుస్తోంది. అంతకు ఆర్నెల్ల ముందే ఆ కారును రెండున్నర అంగుళాలు దింపించాను. షెడ్డువాళ్లు ముందు స్ప్రింగుల్లో ఒక్కో చుట్టు కోసి దించారు. ఎంత దించాలని వాళ్లు అడిగారు, నేను చెప్పాను. దించాక చక్రం పైకి లేవడానికి ఎంత చోటు మిగులుతుందో వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు.

ఈ అధ్యాయమంతా ఆ అడగని ప్రశ్న గురించే.

పాత అమెరికన్ మజిల్ కారును దించడానికి రెండు దారులున్నాయి. గుంత తగిలినప్పుడు చక్రం పైకి లేవడానికి ఫ్యాక్టరీ ఇచ్చిన చోటుని తినేసి దించడం ఒకటి. ఆ చోటు జోలికి పోకుండా, చక్రాన్నే కాస్త ఎత్తులో బిగించి దించడం రెండోది. రెండు కార్లనూ పక్కపక్కన నిలబెడితే మీరు తేడా కనిపెట్టలేరు. గుంత కనిపెడుతుంది.

డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ ఊళ్లలో మనవాళ్లు చాలామంది కార్ల కంపెనీల్లోనే పనిచేస్తారు. 1995లో మొదలైన ఉడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి ఏటా ఆగస్టు మూడో శనివారం వెళ్లి, రోడ్డు పక్కన మడత కుర్చీలేసుకుని పాత కార్లు చూస్తాం. చూసి చూసి, ఏదో ఒక సంవత్సరం ఒకటి కొనేస్తాం. తెచ్చుకున్నాక గరాజ్‌లో నిలబెట్టి చూస్తే ఏదో వెలితి. టైరుకీ ఫెండర్‌కీ మధ్య పిడికిలి పట్టేంత సందు. ఉడ్‌వర్డ్ మీద చూసిన కారు నేలకు హత్తుకున్నట్టుంది, మనది మునివేళ్ల మీద లేచినట్టుంది. ఆ వెలితి తీర్చుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. పైగా సరిగ్గా దించిన కారు మలుపుల్లో తక్కువ ఒరుగుతుంది, బ్రేకు వేస్తే తక్కువ వంగుతుంది.

నేను షెవెల్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. 1964 నుంచి 1972 దాకా వచ్చిన పాంటియాక్ జీటీఓ, ఓల్డ్స్‌మొబైల్ 442, బ్యూక్ జీఎస్ కూడా జనరల్ మోటార్స్ వారి ఏ-బాడీ కుటుంబమే. ముందు రెండు ఆర్మ్‌ల మధ్య కాయిల్ స్ప్రింగు, వెనక నాలుగు ఆర్మ్‌లు, రెండు కాయిల్ స్ప్రింగులు. ఒకటి అర్థమైతే మిగతావన్నీ అర్థమైనట్టే.

కొనేముందు కొలవండి

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు కొందరు ముందుగా డబ్బాల కొద్దీ పార్టులు తెప్పించుకుంటారు. మీరు ముందు టేపు తీయండి. ఇంటి గరాజ్ నేల చదునుగా ఉండాలి, టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, పెట్రోలు సగం ట్యాంకు ఉండాలి. డ్రైవర్ సీట్లో మీ బరువు కూడా ఉండాలి. కానీ మీరు సీట్లో కూర్చుంటే కొలిచేదెవరు? నేను ఇండియన్ స్టోర్‌లో దొరికే ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తాలు ఎనిమిది పేర్చాను. నూట అరవై పౌండ్లు, దాదాపు నా బరువే.

నేల నుంచి ఫెండర్ దాకా కొలవకండి. టైరు మారితే ఆ లెక్క మారిపోతుంది. చక్రం నడిమధ్య నుంచి దానికి సరిగ్గా పైనున్న ఫెండర్ అంచు దాకా కొలవండి. నాలుగు చక్రాలవీ కాగితం మీద రాసుకోండి. పాత కార్లలో ఎడమకీ కుడికీ అర అంగుళం తేడా కనిపించినా కంగారుపడొద్దు. యాభై ఏళ్లు మోసిన స్ప్రింగులు అవి.

రెండో కొలత అసలైనది. పని మొదలయ్యాక, ఫ్రేమ్‌ను స్టాండ్ల మీద నిలబెట్టి ముందు స్ప్రింగు బయటికి తీసినప్పుడు, కింది ఆర్మ్‌ను జాకీతో మెల్లగా పైకి లేపండి. బంప్ స్టాప్ రబ్బరు తగిలిన చోట ఆపి, మళ్లీ చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుకి కొలవండి. మొదటి కొలతలోంచి దీన్ని తీసేస్తే మిగిలేదే మీ చక్రానికి పైకి లేవడానికి ఉన్న చోటు. నా కారుకి మొదట్లో మూడుముప్పావు అంగుళాలు ఉండేది. రెండున్నర దించిన తర్వాత ఒకటింపావు మిగిలింది. మార్చి నెల మిషిగన్ గుంతకి అది ఏ మూలకూ చాలదు. రోడ్డు మీద తిరిగే కారుకి ముందు మూడంగుళాలకు తగ్గకుండా ఉంచుకోమని నా సలహా.

స్ప్రింగు తీయడం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ కార్ల ముందు స్ప్రింగు ఇంజను బరువంతా మోస్తూ నొక్కుకుని ఉంటుంది. ఆర్మ్ కొసనున్న బాల్ జాయింట్ విప్పగానే అది ఎగిరి వచ్చిందంటే ప్రాణాలు తీస్తుంది. స్ప్రింగు లోపలినుంచి ఫ్రేమ్‌కి గొలుసు చుట్టండి, కింది ఆర్మ్ కింద జాకీ ఉంచండి, స్ప్రింగు కంప్రెసర్ వాడండి, స్ప్రింగుకి ఎదురుగా ఎప్పుడూ కూర్చోవద్దు. ఇవన్నీ కుదరకపోతే ఆ ఒక్క పని తెలిసినవాళ్ల చేత చేయించండి.

అంగుళం కోస్తే రెండంగుళాలు ఎందుకు దిగుతుంది

షెవెల్‌లో ముందు స్ప్రింగు చక్రం దగ్గర కూర్చోదు. కింది ఆర్మ్ పొడవులో సుమారు మధ్యన కూర్చుంటుంది. తూగుబల్ల మధ్యలో చెయ్యి వేసి అంగుళం నొక్కితే కొస రెండంగుళాలు కదిలినట్టే, స్ప్రింగు ఎత్తు అంగుళం తగ్గితే కారు రెండంగుళాలు దిగుతుంది. స్ప్రింగు బలం కూడా చక్రం దగ్గరికి వచ్చేసరికి తగ్గిపోతుంది, అదీ సగానికి కాదు, సగంలో సగానికి. అంగుళానికి 400 పౌండ్ల స్ప్రింగు అని డబ్బా మీద ఉంటే, చక్రం దగ్గర అది అంగుళానికి 100 పౌండ్లే. వెనక స్ప్రింగులు నేరుగా ఇరుసు మీదే కూర్చుంటాయి కాబట్టి అక్కడ అంగుళానికి అంగుళమే. ముందు వెనక స్ప్రింగుల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

ఇప్పుడు నా కోసిన స్ప్రింగుల సంగతి చూడండి. ఎనిమిది చుట్లున్న స్ప్రింగులో ఒక చుట్టు తీసేస్తే అది బిరుసెక్కుతుంది. మిగిలిన ఏడు చుట్లే మొత్తం బరువు మోయాలి కనుక ఏడో వంతు బిరుసు పెరుగుతుంది. అంటే గుంతను మింగడానికి ఉన్న చోటు మూడో వంతుకు పడిపోయింది, దాన్ని ఆపే బలం ఏడో వంతు మాత్రమే పెరిగింది. ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే ఆ రోజు ఆ చప్పుడు వినేవాణ్ణి కాదు. గ్యాస్ మంటతో స్ప్రింగును కాల్చి కూర్చోబెట్టే పద్ధతి దీనికన్నా ఘోరం. ఉక్కు పదును పోతుంది, ఏ చుట్టు ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం. అలా ఎవరైనా చేస్తానంటే కారు వెనక్కి తిప్పుకుని వచ్చేయండి.

దించడానికి ప్రత్యేకంగా చేసిన స్ప్రింగులు వీటికన్నా చాలా మెరుగు. పొట్టిగా ఉంటూనే తగినంత బిరుసుగా చుడతారు. అంగుళం దించేవి తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. రెండంగుళాలు దాటినవి కొనేముందు ఆ మూడంగుళాల లెక్క మళ్లీ వేసుకోండి. ఇంజను బరువు కూడా చూసుకోవాలి. 396, 454 లాంటి బిగ్ బ్లాక్‌కి చేసిన స్ప్రింగును 350 స్మాల్ బ్లాక్ కారుకి వేస్తే ముక్కు దిగడం మాట అటుంచి పైకి లేస్తుంది.

నేను రెండోసారి ఎంచుకున్నది డ్రాప్ స్పిండిల్. స్పిండిల్ అంటే చక్రం బిగించే ఉక్కు ముక్క. పైన ఒక బాల్ జాయింట్, కింద ఒక బాల్ జాయింట్, మధ్యలో చక్రం తిరిగే కడ్డీ. డ్రాప్ స్పిండిల్‌లో ఆ కడ్డీ మాత్రమే రెండంగుళాలు పైకి జరిగి ఉంటుంది. చక్రం పైకి పోయింది, కారు కిందికి వచ్చింది. ఆర్మ్‌లు ఉన్నచోటే ఉన్నాయి, స్ప్రింగు కొత్తదైనా పొడవు పాతదే, బంప్ స్టాప్ సందు అంతే. రెండంగుళాలు దిగాక కూడా నాకు మూడుముప్పావు అంగుళాలూ మిగిలాయి. పాత స్పిండిల్ చేతిలోకి తీసుకుని కొత్తదాని పక్కన బల్ల మీద పెట్టి చూసినప్పుడు, ఇంత చిన్న తేడా కోసమా నేను స్ప్రింగులు కోయించానని మనసు చివుక్కుమంది.

దీనికీ షరతులున్నాయి. ఎక్కువ రకాలు డిస్క్ బ్రేకులకే సరిపోతాయి. ముందు డ్రమ్ములున్న కారైతే బ్రేకుల ఖర్చు కూడా కలుపుకోండి, ఎలాగూ అది పెట్టాల్సిన ఖర్చే. కింది ఆర్మ్, చక్రంతో పోలిస్తే, రెండంగుళాలు కిందికి వస్తుంది కాబట్టి పాత 14 అంగుళాల రిమ్ లోపలి అంచుకి రాసుకునే ప్రమాదం ఉంది. 15 గానీ అంతకన్నా పెద్దవి గానీ వేసుకునే ఉద్దేశం ఉంటేనే ఈ దారి పట్టండి. అందుకే చక్రాలు, టైర్లు ముందు నిర్ణయించుకుని తర్వాతే మిగతావి కొనమంటాను.

దారం కట్టి చూడడం నాకు బాగా నచ్చిన పరీక్ష. ముందు రిమ్ అడుగు నుంచి వెనక రిమ్ అడుగుకి, తర్వాత ఎడమ రిమ్ అడుగు నుంచి కుడి రిమ్ అడుగుకి దారం బిగించి లాగండి. ఆ దారం కిందికి కారులో ఏ భాగమూ రాకూడదు. ఆర్మ్, ఎగ్జాస్ట్ గొట్టం, ఆయిల్ పాన్, ఏదైనా సరే. టైరు పేలి గాలి మొత్తం పోయినప్పుడు కారు రిమ్ మీదికి దిగుతుంది. అప్పుడు ఇంకేదైనా నేలను పట్టుకుందంటే స్టీరింగు మీ మాట వినదు. కాలిఫోర్నియాలో ఇది చట్టం కూడా. అక్కడి వాహన నియమావళి 24008వ సెక్షన్ ప్రకారం, మార్పులు చేసిన కారులో ఏ భాగమూ రిమ్ అడుగుకన్నా కిందికి వేలాడకూడదు.

ఆర్మ్ వాలు

ఎత్తు తర్వాత చూడాల్సింది కోణం. షెవెల్ ముందు భాగంలో పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. పై ఆర్మ్ బయటి కొస, లోపలి కొసకన్నా కిందికి వాలి ఉంటుంది. మలుపులో కారు ఒరిగి చక్రం పైకి లేచినప్పుడు ఆ ఆర్మ్ బాల్ జాయింట్‌ను మొదట బయటికి నెడుతుంది. చక్రం తల బయటికి వాలుతుంది. టైరు రోడ్డును పూర్తిగా పట్టుకోవాల్సిన సమయంలోనే బయటి అంచు మీదికి ఒరిగిపోతుంది. మామూలు డ్రాప్ స్పిండిల్ కారును దించుతుంది గానీ ఈ లోపాన్ని తీర్చదు. ఎందుకంటే ఆర్మ్‌లను అది కదల్చదు కదా. పై బాల్ జాయింట్ అర అంగుళం ఎక్కువ పొడవున్నది వేసినా, ఎత్తు పెంచిన స్పిండిల్ వేసినా ఆర్మ్ బయటి కొస లేస్తుంది, అప్పుడు చక్రం తల లోపలికి వంగుతుంది. వాటికి తగ్గట్టు మలిచిన పై ఆర్మ్‌లు కూడా దొరుకుతాయి. మలుపులంటే ఇష్టపడేవాళ్లు దించడానికి పెట్టే డబ్బులో కొంత తగ్గించుకునైనా దీనికి పెట్టాలి.

ఇదే కిటుకును ఫోర్డ్ మస్టాంగ్‌లో తిరగేసి చేశారు. 1964 ఏప్రిల్ 17న వచ్చిన మస్టాంగ్‌లో స్ప్రింగు పై ఆర్మ్ మీద కూర్చుంటుంది. ఫోర్డ్ ఇంజనీరు క్లాస్ ఆర్నింగ్ ఆ పై ఆర్మ్ లోపలి కొసను అంగుళం కిందికి జరిపితే చక్రం వాలు సరవుతుందని లెక్క తేల్చాడు. మస్టాంగ్‌ను రేసులకు మలిచిన కారల్ షెల్బీ 1965 జీటీ350లో దాన్ని వాడుకున్నాడు. అక్కడ బయటి కొసను లేపడం లేదు, లోపలి కొసను దించుతున్నారు. వాలు ఒకటే, ఫలితం ఒకటే. ఒక్కో పక్క రెండు కొత్త బెజ్జాలు కొలిచి వేయడం, పాత ఆర్మ్‌నే మళ్లీ బిగించడం, అంతే పని. కారు కూడా అర అంగుళం పైచిలుకు దిగుతుంది. మీది తొలి తరం మస్టాంగ్ అయితే ఇంకేదీ కొనకముందు ఇది చేయండి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే పని ఈ పాత కార్లలో నాకు ఇంకొకటి కనిపించలేదు.

డాడ్జ్, ప్లిమత్ కార్లకు ముందు కాయిల్ స్ప్రింగే ఉండదు, మెలితిరిగే కడ్డీ ఉంటుంది. ఒక్క బోల్టు తిప్పితే కారు దిగిపోతుంది, పైసా ఖర్చు లేదు. అదే దాంతో చిక్కు. తిప్పినకొద్దీ కింది ఆర్మ్ బంప్ స్టాప్‌కి దగ్గరవుతుంది. దించాలనుకుంటే అంతకన్నా లావు కడ్డీలు వేసుకుని అప్పుడు తిప్పండి.

వెనక భాగం

వెనక కమాను పట్టీలున్న కార్లకు, అంటే మస్టాంగ్, కమారోలాంటి వాటికి, వంపు తక్కువున్న కొత్త పట్టీలు వేయడమే మంచిది. ఇరుసుకీ పట్టీకీ మధ్య దిమ్మ పెట్టి దించడం చవకే గానీ, అంగుళం దాటితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పట్టీ ఎస్ ఆకారంలో మెలితిరగడం ఎక్కువవుతుంది.

షెవెల్‌కి నేను వెనక అంగుళం పొట్టి స్ప్రింగులు వేశాను. ముందు రెండు, వెనక ఒకటి. ముక్కు కొంచెం వంగి ఉంటేనే ఈ కారుకి కళ. వెనక దించినప్పుడు కింది ఆర్మ్‌ల ముందు కొస బాడీతో పాటు దిగుతుంది. ఆ ఆర్మ్‌ల ద్వారానే చక్రాలు కారును ముందుకు తోస్తాయి. ముందు కొస ఎత్తులో ఉంటే తోపు కాస్త పైకి ఉంటుంది, టైరు నేలకు అదుముకుంటుంది. కొస దిగితే తోపు కిందికి పోతుంది, కారు వెనక కూలబడుతుంది, టైరు పట్టు తప్పి ఎగురుతుంది. అంగుళానికి నాకు తేడా తెలియలేదు. రెండంగుళాలు దించేవాళ్లు ఇరుసు దగ్గర ఆర్మ్ బిగించే చోటును కిందికి జరిపే బ్రాకెట్లు వేసుకోవాలి. వేసుకున్నాక ఆ దారం పరీక్ష మళ్లీ చేయాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం కూడా మారుతుంది. అరవై మైళ్ల దగ్గర సీటు కింద సన్నని వణుకు మొదలైతే అనుమానించాల్సింది దాన్నే. పొడవు సవరించుకునే పై ఆర్మ్‌లతో అది సరవుతుంది.

ఆర్మ్‌ల కొసల్లో కూర్చునే బుష్‌ల విషయంలో ఎక్కువమంది అన్నిచోట్లా పాలీయురెథేన్ వేయించేస్తారు. ముందు వేయండి, వెనక కింది ఆర్మ్‌లకు వేయండి. వెనక పై ఆర్మ్‌లలో మాత్రం రబ్బరే ఉంచండి. ఆ పై ఆర్మ్‌లు ఐమూలగా ఉంటాయి కాబట్టి కారు ఒరిగినప్పుడు బుష్‌లు మెలితిరగాలి. రబ్బరు మెలితిరుగుతుంది, పాలీయురెథేన్ బిగుసుకుంటుంది. బిగుసుకున్న వెనక భాగం మలుపులో ఉన్నట్టుండి జారుతుంది.

యాంటీ రోల్ బార్ లావు కొంచెం పెరిగినా బలం చాలా పెరుగుతుంది. గట్టి కడ్డీ అంగుళం నుంచి అంగుళంపావుకి మారితే దాదాపు రెండున్నర రెట్లు. కాబట్టి ఒరుగుడు తగ్గించడానికి స్ప్రింగులు మరీ బిరుసు చేయనక్కర్లేదు, బార్ మార్చండి. షాక్ అబ్జార్బర్లు మీరు దించిన ఎత్తుకి సరిపడా పొడవున్నవే కొనండి. స్ప్రింగులతో దించిన కారుకి పాత పొడవువి ఉంచితే, గుంతలో బంప్ స్టాప్ కన్నా ముందు షాకే అడుగు తగిలి లోపల పగిలిపోతుంది. డ్రాప్ స్పిండిల్ కారుకి ముందు మామూలు పొడవువి చాలు.

బిగింపు, అలైన్‌మెంట్

రబ్బరు బుష్‌ల బోల్టులు కారు గాల్లో ఉండగా గట్టిగా బిగించకండి. వదులుగా ఉంచి, కారును చక్రాల మీదికి దించి, బియ్యం బస్తాలు సీట్లో పెట్టి, రెండుసార్లు బంపర్ నొక్కి వదిలి, అప్పుడు బిగించండి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడిన స్థితిలోనే ఉండిపోతుంది, కారును ఎత్తి పట్టుకుంటుంది, కొన్నాళ్లకు చిరుగుతుంది.

రెండు మూడు వందల మైళ్లు తిరిగి స్ప్రింగులు కూర్చున్నాక అలైన్‌మెంట్‌కి వెళ్లండి. చేతిలో కాగితం మీద అంకెలు రాసుకుని వెళ్లండి. ఎందుకంటే అక్కడి కంప్యూటర్ మీ కారు పేరు కొట్టగానే 1970 నాటి అంకెలు చూపిస్తుంది. అవి ఆనాటి బయాస్ ప్లై టైర్లకు రాసినవి, మీ రేడియల్ టైర్లకు పనికిరావు. నా కాగితం మీద ఉన్నవి ఇవి: క్యాంబర్ అర డిగ్రీ నెగటివ్ (చక్రం తల లోపలికి), క్యాస్టర్ నాలుగు డిగ్రీలు పాజిటివ్, టో ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి) అంగుళంలో పదహారో వంతు. క్యాస్టర్ అంటే సైకిల్ ముందు ఫోర్క్ వాలులాంటిది. అది ఉంటేనే హైవే మీద స్టీరింగు తనంతట తాను నిటారుకి వస్తుంది. పవర్ స్టీరింగ్ లేని కారుకి నాలుగు డిగ్రీలు చేతులకు బరువు, రెండున్నర చాలు.

చివరగా, పిల్లలు ఆడుకునే బంకమన్ను తీసుకుని బంప్ స్టాప్ రబ్బరు కొనమీద ముప్పావు అంగుళం మందాన అతికించండి. మీరు రోజూ తిరిగే దారిలో, రోజూ తిరిగే వేగంతో ఒక అరగంట నడపండి. రైలు పట్టాలు దాటండి, తెలిసిన గుంతలు తప్పించకండి. వచ్చి మన్ను మందం కొలవండి. అతికించినప్పటిలాగే ఉంటే ఇంకో అర అంగుళం దించుకోవడానికి వీలుందన్నమాట. కాగితంలా పలచబడి రబ్బరు కనిపిస్తుంటే కారును అర అంగుళం లేపండి, లేదా స్ప్రింగు మార్చండి. నేను కిందటి ఏప్రిల్‌లో అదే రోడ్డు మీద వెళ్లొచ్చి కొలిస్తే అర అంగుళం మన్ను మిగిలి ఉంది.